అంగడిలో కొన్న పశువు: ఆరోగ్యానికి పూచీ ఎవరిది?

ఉత్తర తెలంగాణ రైతు ఇంట్లో బర్రెనో, ఎడ్ల జతనో, గొర్రెల మందనో కొనడమంటే ఏడాది ఖర్చుల్లోకెల్లా పెద్ద ఖర్చు. అంత పెద్ద బేరమూ అంగడిలో అరగంటకు తెగిపోతుంది. తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని ధర తేల్చుకుంటారు, బయానా పడుతుంది, పలుపు చేతులు మారుతుంది. పది రోజులకు పశువు మేత ముట్టకపోయినా, నోట్లో పుండ్లు లేచినా, చూడి అని కొన్న బర్రె ఒట్టిదని తేలినా తగాదా మొదలవుతుంది. ‘చూసుకుని కొనొద్దా’ అని అమ్మినవాడు, ‘చెప్పి అమ్మొద్దా’ అని కొన్నవాడు. దళారి, డాక్టరు, బీమా కంపెనీ, అంగడి వేలం పాడుకున్న గుత్తేదారు ఎవరికి వాళ్లు తమకేం సంబంధమంటారు.

తగాదా పాతదే అయినా గత పదేళ్లలో ముడి మీద ముడి పడింది. 2017లో రాష్ట్ర ప్రభుత్వం మొదలుపెట్టిన గొర్రెల పంపిణీతో లక్షల జీవాలు పొరుగు రాష్ట్రాల నుంచి ఇక్కడి మందల్లోకి వచ్చి చేరాయి. మరుసటి ఏడాది విజయ, కరీంనగర్, ముల్కనూరు వంటి డెయిరీల సభ్యులకు సబ్సిడీ పాడి పశువుల పథకం వచ్చింది. 2019లో ఒడిశాలో తొలిసారి కనిపించిన లంపీ చర్మవ్యాధి 2022 నాటికి దేశమంతా పాకి, మహారాష్ట్రతో సరిహద్దు పంచుకునే ఆదిలాబాద్ వైపు పశువుల రాకపోకలనే ప్రశ్నగా మార్చింది. అందుకే కొనేవాడి బాధ్యత ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందన్నది ఇప్పుడు ఇద్దరి మధ్య బేరం కాదు, ఊరి మందలన్నిటి సంగతి.

ఈ విషయంపై ఉన్న వాదాలను, వాటి చరిత్రను, తేలకుండా మిగిలినవాటిని ఒకచోట పెట్టి చూడటం ఈ వ్యాసం పని. వాదాలు ఎన్ని ఉన్నా దాదాపు అన్నీ ఒకేచోట తడబడుతున్నాయి. పశువు ఆరోగ్యాన్ని విడదీయరాని ఒకే ముద్దగా పట్టుకుని, దాన్ని మొత్తంగా ఎవరో ఒకరి నెత్తిన పెట్టాలని చూస్తున్నాయి.

పాత లెక్కలు: చూసేందుకు గడువు

కొన్నాక తిరిగిచ్చే హక్కు మన దేశంలో కొత్త ఆలోచన కాదు. యాజ్ఞవల్క్య స్మృతి ఏ సరుకును ఎన్నాళ్లు పరీక్షించుకోవచ్చో లెక్కకట్టి చెప్పింది: విత్తనాలకు 10 రోజులు, ఇనుముకు 1 రోజు, బరువు మోసే పశువుకు 5 రోజులు, పాడి పశువుకు 3 రోజులు. దాసదాసీలను కూడా సరుకు కింద జమకట్టి వాళ్లకూ గడువులు పెట్టిన కాలమది. ఈ స్మృతికి కల్యాణి చాళుక్యుల నాటి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర దక్కనులో పుట్టిన వ్యాఖ్య. దాన్ని ఆధారం చేసుకుని 13వ శతాబ్దంలో కేతన తెలుగులో విజ్ఞానేశ్వరీయం రాశాడు.

కౌటిల్యుడి అర్థశాస్త్రం ఇంకా ఉదారంగా ఉంటుంది. నాలుగు కాళ్ల జీవాన్ని తిరిగి ఇచ్చేందుకు మూడు పక్షాలు, అంటే 45 రోజుల గడువు. ఆలోగా జీవం ఎలాంటిదో బయటపడుతుందని దాని తర్కం. రోగం ఉన్నదాన్ని బాగున్నదని చెప్పి అమ్మితే 12 పణాల జరిమానా. ఇక్కడ రెండు పనులు వేరువేరుగా జరిగాయి: కొన్నవాడికి సమయం ఇచ్చారు, అబద్ధమాడిన అమ్మకందారుకు శిక్ష వేశారు.

ఇంగ్లిషు చట్టం దారి వేరు. కొనేవాడే చూసుకోవాలన్నది అక్కడి మూలసూత్రం. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్‌లో ఒక గుర్రం ఉదాహరణ ఉంది. గుర్రానికి జబ్బుందని తెలిసినవాడు వేలంలో దాన్ని అమ్ముతూ నోరు మెదపకపోతే అది మోసం కాదు. కొనేది ఇప్పుడిప్పుడే మేజరైన తన కూతురే అయితే మాత్రం చెప్పి తీరాలి. ఇంకో మెలిక కూడా ఉంది: ‘నువ్వు కాదనకపోతే గుర్రం బాగున్నట్టే అనుకుంటాను’ అని కొనేవాడు అన్నప్పుడు అమ్మేవాడు ఊరుకుంటే, ఆ మౌనం మాటతో సమానం.

1930 నాటి సరుకుల అమ్మకపు చట్టం 16వ సెక్షన్ కూడా ఇదే దారి. నాణ్యతకు అమ్మకందారు తనంతట తాను పూచీ పడినట్టు కాదు. అయితే కొనేవాడు ఏ పనికి కావాలో ముందే చెప్పి, వ్యాపారి తెలివిని నమ్మి కొన్నప్పుడు మినహాయింపు ఉంది. వర్ణన చెప్పి అమ్మే వ్యాపారి విషయంలోనూ మినహాయింపు ఉంది, కానీ కొనేవాడు సరుకును పరిశీలించి ఉంటే ఆ పరిశీలనలో కనబడి తీరాల్సిన లోపాల గురించి తర్వాత అడగలేడు. నిజాం పాలన పోయాక 1951లో ఈ చట్టాలు హైదరాబాద్ రాష్ట్రానికీ, దాంతో కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలకూ వర్తించాయి.

ఈ సూత్రం ఎంత కఠినమో 1878లో ఇంగ్లండు ప్రభువుల సభ తీర్పు చెప్పిన వార్డ్–హాబ్స్ కేసు చూపిస్తుంది. ఒకడు అంటురోగం తగిలిన పందులను ‘ఉన్న లోపాలతో సహా’ అన్న షరతు మీద సంతలో అమ్మాడు. కొన్నవాడి సొంత పందులకూ రోగం అంటుకుంది. రోగిష్టి జంతువును సంతకు తోలడం అప్పటికే నేరమైనా, సంతకు తెచ్చినంత మాత్రాన ఆరోగ్యంగా ఉందని హామీ ఇచ్చినట్టు కాదని కోర్టు తేల్చింది. ప్రజారోగ్య చట్టం ఒక దిక్కు, బేరం చట్టం ఇంకో దిక్కు. ఆ చీలిక మన దగ్గర ఇప్పటికీ అలాగే ఉంది.

మొదటి వాదం: కొనేవాడి కన్నే కొలత

అంగడిలో ఎక్కువమంది నమ్మేది దీన్నే. దీని వెనుక తరాల అనుభవం ఉంది. కొనేవాడు పశువు కింది పెదవి వంచి పళ్లు చూస్తాడు. పాలపళ్లు పోయి రెండు పెద్ద పళ్లు వస్తే రెండున్నరేళ్ల దాకా, నాలుగైతే మూడేళ్లు దాటినట్టు, కడపళ్లు వస్తే ఐదేళ్ల దగ్గర అని లెక్క. గొర్రెకు ఇదే లెక్క దాదాపు ఏడాది ముందుకు జరుగుతుంది. తర్వాత నడిపించి డెక్కలు చూస్తాడు, ముట్టె తడిగా ఉందా చూస్తాడు, తోక ఎత్తి పేడ చూస్తాడు, పొదుగు నాలుగు చన్లూ పిండుతాడు. గొర్రెల కాపరి అయితే కంటి రెప్ప తిప్పి లోపల ఎరుపు ఉందా, జలగ పట్టి పాలిపోయిందా చూస్తాడు.

ఈ వాదానికి న్యాయం ఉంది. అమ్మేవాడు కూడా చాలాసార్లు ఇంకో రైతే. పిల్ల పెళ్లికో, అప్పు తీర్చడానికో పశువును తోలుకొస్తాడు. దాని లోపలి జబ్బు అతనికీ తెలియదు. పైగా ధరలోనే అనుమానం కలిసి ఉంటుంది. గట్టి హామీతో దొరికే డెయిరీ ఫారం బర్రె ధర వేరు, అంగడి బర్రె ధర వేరు.

లోపం కూడా ఇక్కడే ఉంది. అంగడి పరీక్షలో చాలా సమయం సుళ్లకు, కొమ్ముల తీరుకు, రంగుకు పోతుంది. దొడ్డికి అచ్చిరాని సుడి ఉంటే ఎంత బలమైన ఎద్దునైనా వదిలేస్తారు. మెడ దగ్గర, తొడ ముందు గ్రంథులు ఉబ్బి ఉన్నాయా అని తడిమేవాళ్లు తక్కువ. పిడుదులతో వచ్చే థైలేరియా జ్వరంలో ముందుగా ఉబ్బేవి అవే. కన్ను ఎంత అనుభవమున్నదైనా, బయటికి రాని రోగాన్ని చూడలేదు.

రెండో వాదం: తెలిసినవాడే చెప్పాలి

కనబడనిది కొన్ని విషయాల్లో అమ్మేవాడికి తెలిసే ఉంటుంది. ఎన్నో ఈత, కిందటిసారి ఈసుకుపోయిందా, ఏ చన్నుకు పొదుగువాపు వచ్చి తగ్గింది, గాలికుంటు టీకా ఎప్పుడు పడింది, కట్టేసినచోట ఇంకో పశువు చచ్చిందా. ఇవి పళ్లు చూస్తే తేలేవి కావు. వీటిని దాచడానికి అంగడిలో పాత పద్ధతులూ ఉన్నాయి. ముందు పూట నుంచి పాలు పిండకుండా, దూడను కుడవనివ్వకుండా పొదుగు నిండుగా చూపించడం, కొమ్ముల గీతలు చెక్కి నూనె రాసి వయసు తగ్గించడం, జ్వరానికి సూది వేయించి రెండు గంటలు హుషారుగా నిలబెట్టడం అందరికీ తెలిసినవే. అందుకే పశువైద్యులు వరుసగా మూడు పూటలు దగ్గరుండి పాలు పితికించి చూడమంటారు.

యూరప్‌లో ఈ వాదం పేర్ల జాబితాగా మారింది. ఫ్రాన్సు 1838లోనే కొన్ని లోపాలను పేరుపేరునా రాసి, అవి ఫలానా రోజుల్లో బయటపడితే బేరం రద్దు అనే పద్ధతి పెట్టింది. జర్మనీ 1899 ఉత్తర్వులో గుర్రానికి, పశువుకు, గొర్రెకు, పందికి ‘ముఖ్య లోపాలు’ రాసి గడువులు కట్టింది. ఆ జాబితా 2002 దాకా నడిచి, చట్టం మారాక పోయింది. దాని బలం స్పష్టత. జాబితాలో ఉంటే అమ్మినవాడిది, లేకపోతే కొన్నవాడిది. బలహీనత కూడా అదే. కొత్త రోగాలు వచ్చినంత వేగంగా జాబితా మారదు.

మన అంగడిలో ఈ వాదం దళారి దగ్గర ఆగిపోతుంది. పశువు రెండు మూడు చేతులు మారి వస్తుంది. అసలు ఇంటివాడు ఎక్కడో మహారాష్ట్రలో ఉంటాడు. మధ్యవాడికి నిజంగానే చరిత్ర తెలియదు, తెలిసినా చెప్పడు. అంగడి రశీదులో పేర్లు, రంగు, ధర ఉంటాయే తప్ప ఆరోగ్యం గురించి గీత కూడా ఉండదు.

మూడో వాదం: అంగడే కాపలా కాయాలి

అంటురోగం ఇద్దరి మధ్య వ్యవహారం కాదనీ, ఆ కాపలా ప్రభుత్వానిదేననీ చెప్పేవాళ్లు మూడో వర్గం. వీళ్ల చేతిలో 2009 నాటి పశువుల అంటువ్యాధుల నివారణ, నియంత్రణ చట్టం ఉంది. దాని ప్రకారం జాబితాలోని రోగం కనిపిస్తే కబురు చేయాలి, పశువును విడిగా కట్టేయాలి. నియంత్రిత ప్రాంతమని ప్రకటిస్తే రాకపోకలు ఆపవచ్చు. రోగం ఉందని తెలిసిన పశువును సంతకు తేవడం నిషేధం. ఆ ‘తెలిసిన’ అనే మాట దగ్గరే చట్టం సడలిపోతుంది. పరీక్ష చేయించకపోతే తెలిసే అవకాశమే లేదు, తెలియనివాడిని పట్టుకునే వీలు లేదు.

2017 మే 23న కేంద్రం తెచ్చిన పశువుల సంతల నియమాల్లో పశువైద్యుడి తనిఖీ, అమ్మకానికి పనికిరాని పశువును గుర్తించడం వంటి ఏర్పాట్లు ఉన్నాయి. కానీ వధ కోసం సంతలో అమ్మరాదన్న నిబంధన మీద దేశమంతా గొడవ లేచింది. మద్రాసు హైకోర్టు మధురై బెంచి వారంలోనే స్టే ఇచ్చింది, జులైలో సుప్రీంకోర్టు ఆ స్టేను దేశమంతటికీ వర్తింపజేసింది. వధ గురించిన వాదనల హోరులో సంతలో ఆరోగ్య తనిఖీ అనే మంచి మాట చర్చకే రాకుండా పోయింది. ఆ నష్టం గురించి ఇవాళ ఎవరూ మాట్లాడరు.

నాలుగో వాదం: అసలు పరీక్ష ఇంటి దగ్గర

అంటురోగాల నిపుణులు అంగడి తనిఖీకి అంత విలువ ఇవ్వరు. రోగం ఒంట్లో చేరినప్పటి నుంచి బయటపడేదాకా పట్టే కాలం వాళ్ల లెక్కకు ఆధారం. రాకపోకల నియమాల కోసం ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ ఈ కాలాన్ని గాలికుంటుకు 14 రోజులు, గొర్రెల్లో, మేకల్లో వచ్చే పీపీఆర్ రోగానికి, గొర్రెల మశూచికి 21 రోజులు, లంపీకి 28 రోజులుగా తీసుకుంటుంది. ఆ కాలంలో పశువు నెమరు వేస్తూ నిక్షేపంగా ఉంటుంది. కాబట్టి కొన్న జీవాన్ని నేరుగా మందలో కలపకుండా మూడు నాలుగు వారాలు విడిగా కట్టేసి, వేరే తొట్టిలో నీళ్లు పెట్టి చూడటమే కొనేవాడి అసలు బాధ్యత అని వీళ్ల వాదన.

శాస్త్రం దృష్టిలో దీనికి తిరుగు లేదు. చేతల్లో తిప్పలున్నాయి. ఒక్క కొట్టమే ఉన్న ఇంట్లో విడి చోటు ఎక్కడిది? పత్తి చేన్లో గుంటక తోలాల్సిన రోజుల్లో కొన్న ఎడ్లను నెల రోజులు కట్టేసి మేపడం ఎవరికి సాధ్యం? ఊరి పశువులన్నీ ఒకే చెరువులో నీళ్లు తాగి, ఒకే అడవిలో మేసే ఏజెన్సీ గూడేల్లో విడిగా ఉంచడమన్న మాటకు అర్థమే వేరు.

ఏది ఎప్పుడు తెలుస్తుంది

నాలుగు వాదాలనూ ఒకే కొలతతో చూడాలంటే, ఎవరి తప్పు అనే ప్రశ్నను కాసేపు పక్కన పెట్టి, ఏ సంగతి ఎంతసేపట్లో తెలుస్తుందో చూడాలి.

నిమిషాల్లో తెలిసేవి: వయసు, కుంటితనం, కంటి చూపు, ఉచ్ఛ్వాస నిశ్వాసల తీరు, జ్వరం, చర్మం మీద బొడిపెలు, నోటి పుండ్లు. పొదుగువాపు దాగి ఉందేమో కూడా ఇక్కడే తేల్చవచ్చు. నాలుగు గుంటలున్న ప్లాస్టిక్ పళ్లెంలో ఒక్కో చన్ను పాలు ఒక్కో గుంటలో పిండి, సమానంగా రసాయన ద్రవం పోసి తిప్పితే, వాపున్న చన్ను పాలు జిగురులా ముద్దకడతాయి. పశువు కాళ్ల దగ్గరే నిమిషంలో తేలిపోయే పరీక్ష ఇది.

గంటల్లో తెలిసేవి: చూడి నిర్ధారణ, పేడ పరీక్షలో పొట్ట పురుగులు, జలగ. ఈసుడు రోగం, అంటే బ్రుసెల్లా, చాలాసార్లు బయటికి ఏ గుర్తూ చూపదు. కానీ రక్తం తీసి సీరం వేరు చేశాక, గులాబీ రంగు ద్రవం చుక్కతో కలిపితే నాలుగు నిమిషాల్లో గరుకు కట్టడం కనబడుతుంది. ఇది పాలు పితికేవాళ్లకూ, పురుడు పోసేవాళ్లకూ అంటుకుని విడవని జ్వరం తెచ్చే రోగం కాబట్టి దీని పరీక్షను ఖర్చుగా చూడకూడదు.

రోజుల్లో తెలిసేవి: క్షయ. చర్మంలో సూది వేసి 72 గంటలకు వాపు కొలవాలి, అంగడిలో కుదరని పని. నిజమైన పాల దిగుబడికి కనీసం మూడు పూటలు కావాలి.

వారాల్లో తెలిసేవి: గాలికుంటు, పీపీఆర్, మశూచి, లంపీ లోపల పొదుగుతుంటే.

ఎప్పటికీ సరిగా తెలియనివి: గాలికుంటు వచ్చి తగ్గిన పశువు గొంతులో నెలల తరబడి నిలిచే వైరస్, థైలేరియా నుంచి కోలుకున్న పశువు నెత్తుటిలో మిగిలే క్రిములు.

ఈ వరుస చూస్తే మొదటి వాదం మొదటి మెట్టుకే సరిపోతుంది, నాలుగో వాదం నాలుగో మెట్టుకే. రెండో మెట్టు ఖాళీగా ఉంది. గంటల్లో తేలే పరీక్షలు అంగడిలో చేసేవాళ్లు లేరు.

గొర్రెల పంపిణీ: అన్ని వాదాలకూ ఒకేసారి పరీక్ష

2017 జూన్ 20న సిద్దిపేట జిల్లా కొండపాకలో మొదలైన గొర్రెల పంపిణీ పథకం ఈ చర్చకు దొరికిన అతి పెద్ద ఉదాహరణ. సొసైటీలో సభ్యులైన గొల్ల కురుమలకు 20 గొర్రెలు, ఒక పొట్టేలు యూనిట్‌గా ఇచ్చారు. యూనిట్ ధర రూ. 1,25,000, అందులో లబ్ధిదారు వాటా 31,250. రెండో విడతను 2021లో హుజూరాబాద్ నియోజకవర్గంలోని జమ్మికుంటలో ప్రారంభించినప్పుడు ధర 1,75,000కు, వాటా 43,750కు పెరిగాయి. 2012 పశుగణనలో 1.28 కోట్లున్న తెలంగాణ గొర్రెలు 2019 నాటికి 1.91 కోట్లయ్యాయి, దేశంలో మొదటి స్థానం దక్కింది.

కాగితం మీద చూస్తే ఇందులో అన్ని రక్షణలూ ఉన్నాయి. కొనేవాడు తరతరాల కాపరి, వెంట పశువైద్యుడు, చెవికి పోగు, బీమా. కానీ ఒక్కో రక్షణ బలం ఇంకోదాని వల్ల తగ్గిపోయింది. ధర ముందే ఖాయం కావడంతో కాపరికి బేరమాడే, తిరస్కరించే అధికారం తగ్గింది. కాపరి కన్ను పనిచేసేది వద్దనే హక్కు ఉన్నప్పుడే. డాక్టరు సర్టిఫికెట్ ఇచ్చేవాడే కాక, కొనుగోలు లక్ష్యం పూర్తి చేయాల్సిన అధికారి కూడా అయ్యాడు. అమ్మినవాడు ఇంకో రాష్ట్రంలో ఉన్నాడు. కొత్త నేల, కొత్త మేత, రాత్రంతా లారీ ప్రయాణం కలిసినప్పుడు నిమోనియా, పీపీఆర్ తలెత్తడానికి అదే అదును. అప్పటికే ఇంట్లో ఉన్న మందలోకి వాటిని తోలేస్తే నష్టం రెట్టింపవుతుంది.

నల్ల ఉన్ని దక్కనీ గొర్రెకు అలవాటైన నేలలో పొడుగు కాళ్ల నెల్లూరు రకం ఎలా నిలుస్తుందన్న ప్రశ్న కూడా ఇక్కడే లేచింది. ఆరోగ్యమంటే కొన్నరోజు జబ్బు లేకపోవడం మాత్రమే కాదు, కొన్నచోట బతకగలగడం కూడా అన్నది ఆ విమర్శలోని సారం. ఇక పథకం లెక్కల మీద కాగ్ ప్రశ్నలు లేవనెత్తింది, 2024లో ఏసీబీ కొందరు అధికారులను అరెస్టు చేసింది. వాటిని తేల్చాల్సింది కోర్టులు. ఆరోగ్యం విషయంలో మాత్రం ఒక సంగతి బయటపడింది: సర్టిఫికెట్ ఎవరి అవసరం కోసం రాస్తే, అది వాళ్లకే ఉపయోగపడుతుంది.

ఎవరి కోసం సర్టిఫికెట్?

ఒక పశువు చుట్టూ తిరిగే కాగితాలు చూస్తే ఈ మాట ఇంకా తేటపడుతుంది. 1978 నాటి జంతువుల రవాణా నియమాల ప్రకారం లారీ ఎక్కే పశువుకు అంటురోగం లేదని, ప్రయాణానికి తట్టుకుంటుందని పశువైద్యుడు రాసివ్వాలి. అది దారి కోసం. బీమా చేయాలంటే ఆరోగ్యం, విలువ ధ్రువీకరించాలి. అది కంపెనీ కోసం, అప్పిచ్చే బ్యాంకు కోసం. అయినా పాలసీ మొదలైన తొలి రెండు మూడు వారాల్లో జబ్బుతో పోతే పరిహారం రాకపోవడం మామూలు షరతు. కొనేవాడికి ఎక్కువ ముప్పున్న రోజులు సరిగ్గా అవే. నగదు పెట్టి అంగడిలో కొనే రైతు కోసం రాసే కాగితం ఒక్కటీ లేదు.

పెంపుడు జంతువుల విషయంలో కథ తలకిందులు. 2018 నాటి పెట్ షాపుల నియమాల ప్రకారం దుకాణం రిజిస్టరు చేసుకోవాలి, జంతువుల రికార్డులు ఉంచాలి, జబ్బున్న వాటిని అమ్మకూడదు. దేశవాళీ పామును కొనడం, పెంచడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. విదేశీ పాము అయితే 2024 నియమాల ప్రకారం నమోదు చేయించాలి. హైదరాబాదులో షోకు కోసం కొనే కొండచిలువకు ఊరూ పేరూ ఉండాలి, కుటుంబానికి అన్నం పెట్టే బర్రెకు మాత్రం రంగూ ధరా రాస్తే చాలు.

వాదాలు పక్కపక్కన

కొనేవాడిదే బాధ్యత అంటే: బేరం త్వరగా తెగుతుంది, ఖర్చు లేదు. దాగిన రోగానికి అమాయకుడు బలవుతాడు.

అమ్మేవాడిదే అంటే: తెలిసినదాన్ని దాచడం తగ్గుతుంది. రశీదు, సాక్ష్యం, దళారి అనే మూడు అడ్డంకులు ఉన్నాయి. పేద అమ్మకందారు తనకు తెలియనిదానికీ జవాబుదారీ కావచ్చు.

అంగడిదే అంటే: ఊరి మందలకు రక్షణ. డాక్టర్లు, లాబ్ కావాలి, తనిఖీ మొక్కుబడిగా మారే ప్రమాదం ఉంది.

ఇంటి దగ్గర నిలిపి చూడటమే అంటే: రోగం పాకకుండా ఆపడంలో అన్నిటికంటే మేలు. పోయిన డబ్బు మాత్రం తిరిగి రాదు, చోటు లేనివాడికి కుదరదు.

తేలనివి

మొదటిది, తిరిగిచ్చే గడువు ఎన్నాళ్లు? యాజ్ఞవల్క్యుడి 3 రోజులు పాలకు సరిపోతాయి, కౌటిల్యుడి 45 రోజులు లంపీని కూడా దాటిపోతాయి. కానీ గడువు పెరిగినకొద్దీ ఇంకో తగాదా పుడుతుంది. రోగం అమ్మిన దొడ్డిలో అంటిందా, కొన్న దొడ్డిలోనా? లాబ్ పరీక్ష లేకుండా ఇది తేలదు.

రెండోది, పరీక్షలో రోగం తేలిన పశువు ఎటు పోవాలి? బ్రుసెల్లా ఉందని తెలిస్తే దాన్ని అమ్మలేరు, మేపలేరు. పరిహారం చేతికి వస్తుందన్న నమ్మకం లేని రైతు పరీక్షకే ఒప్పుకోడు, రాత్రికి రాత్రి ఇంకో అంగడికి తోలుతాడు. నిజాయితీగా పరీక్ష చేయించినవాడే నష్టపోయే ఏర్పాటు ఉన్నంతకాలం ఎన్ని నియమాలు రాసినా లాభం లేదు. 2019 సెప్టెంబరులో మొదలైన జాతీయ కార్యక్రమం కింద 4 నుంచి 8 నెలల పెయ్యదూడలకు వేసే బ్రుసెల్లా టీకా వచ్చే తరానికి మేలు చేస్తుంది, ఇవాళ అంగడిలో ఉన్న బర్రెకు కాదు.

మూడోది, 12 అంకెల చెవిపోగు. టీకా వివరాలు దాని కింద నమోదవుతున్నాయి కాబట్టి కొనేవాడు అంగడిలోనే ఫోనులో చూసుకోగలిగితే రెండో వాదంలోని సగం ప్రశ్నలకు జవాబు దొరికినట్టే. పోగు పీకి ఇంకోటి వేయడం, ఊళ్లో నమోదు సరిగా జరగకపోవడం దీనికి అడ్డం.

నాలుగోది, మనుషుల లెక్క. నియోజకవర్గానికో ‘1962’ నంబరు సంచార పశువైద్య వాహనం, కోరుట్లలో పశువైద్య కళాశాల ఉన్న ప్రాంతంలో వారానికోసారి అంగడికి ఒక బృందాన్ని పంపడం అసాధ్యమేమీ కాదు. అయితే పరీక్ష రుసుము కొనేవాడు కట్టాలా, అమ్మేవాడు కట్టాలా, అంగడి వేలం సొమ్ములోంచి తీయాలా అన్నది ఎవరూ తేల్చలేదు.

ఎవరి వాటా ఎంత

వాదాలను ఇలా పరిచి చూశాక, బాధ్యతను మనుషుల మధ్య కాక తెలిసే తీరును బట్టి పంచాలనిపిస్తుంది. కంటికి కనబడేది కొనేవాడి బాధ్యత. పళ్లు చూడనివాడు వయసు గురించి తర్వాత అడగకూడదు. అమ్మేవాడికి తెలిసి ఉన్నది అమ్మేవాడి బాధ్యత. ఈసుకుపోయిన సంగతి దాస్తే డబ్బు తిరిగివ్వాలి. ఇద్దరికీ తెలియక, పరీక్షతో తెలిసేది అంగడి నడిపేవాళ్ల బాధ్యత. వేలం సొమ్ము తీసుకునేవాళ్లు పొదుగువాపు పళ్లెం, బ్రుసెల్లా పరీక్ష అందుబాటులో ఉంచాలి. కాలంతో తప్ప తెలియనిది మళ్లీ కొనేవాడి బాధ్యతే, కాకపోతే ఈసారి తన డబ్బు కోసం కాదు, ఊరి మందల కోసం. చోటు లేనివాడికి పంచాయతీ ఒక విడి దొడ్డి చూపాలి.

ఇందులో మూడో వాటా ప్రభుత్వం కదలాల్సిన పని, దానికి కాలం పడుతుంది. రెండోదానికి కొత్త చట్టం అక్కర్లేదు. ఎన్నో ఈత, ఈసుకుపోయిందా, టీకా పడిందా అని సాక్షుల ముందు అడిగి, కాదనకపోతే బాగున్నట్టే అనుకుంటానని చెప్పి, జవాబును రశీదు వెనుక రాయించుకుంటే, 1872 నాటి చట్టం కింద అమ్మినవాడి మౌనం కూడా మాట కిందే లెక్క. అడగకుండా కొన్నవాడికి ఆ చట్టం ఇచ్చే ఆసరా చాలా తక్కువ. కాబట్టి కొనేవాడు పలుపు అందుకోకముందే తీర్చుకోవాల్సిన బాధ్యత నలుగురి ముందు నోరు తెరిచి అడగడం.